కనిపెట్టుకొని ఉండడం

నందికొట్కూరు చుట్టుపక్కల మెట్ట రైతుకు పదను అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన వెలిసిన గంటకే గొర్రు కట్టడు. నేల తగినంత ఆరేదాకా ఆగుతాడు. మరీ ఆగితే పదను పోతుంది. మల్యాల దగ్గర హంద్రీ-నీవా మోటార్లు శ్రీశైలం నీళ్లను అనంతపురం వైపు ఎత్తిపోస్తున్నా, కాలువ అందని చేనికి ఆకాశమే దిక్కు. వాన అతని చేతిలో లేదు. దుక్కి, విత్తనం, ఎదురుచూపు మాత్రం అతనివే.

ఈ సీమ క్రైస్తవులు ప్రార్థన కూడికల్లో అనే "ప్రభువు కొరకు కనిపెట్టుకొని ఉన్నాం" అనే మాట నాకు ఈ చేలగట్టు మీదే అర్థమైంది. తెలుగు బైబిలు అనువాదకులు ఎంచుకున్న మాట అది. రోగిని కనిపెట్టుకొని ఉన్న మనిషి కునుకు తీయడు. పంటను కనిపెట్టుకొని ఉన్నవాడు మంచె దిగడు. దేవునికి అప్పగించుకోవడమంటే చేతులు ముడుచుకోవడమని అనుకునేవాళ్లకు ఆ ఒక్క మాటలోనే జవాబుంది.

అప్పగించుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. 37వ కీర్తనలో మనం "అప్పగించు" అని చదువుకునే చోట హీబ్రూ మూలంలో ఉన్నది "దొర్లించు" అనే క్రియ. బస్తా ఎత్తలేనివాడు దాన్ని దొర్లిస్తాడు కదా, అలాగన్నమాట. బరువు లేదని నటించనక్కర్లేదు. గెత్సేమనే తోటలో యేసు కూడా ముందు తన కోరికను దాచకుండా అడిగాడు, ఆ తర్వాతే తండ్రి చిత్తానికి తలవంచాడు. అడగకుండా వదిలేస్తే అది నిరాశే గాని సమర్పణ కాదని నేను గట్టిగా నమ్ముతాను.

బ్రిస్టల్ నగరంలో అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్ దీన్నొక సాధనగా మలిచాడు. ముందు ఆ విషయంలో తన సొంత ఇష్టాన్ని పక్కన పెట్టేవాడు. ఇది అన్నిటికన్నా కష్టమైన మెట్టు. తర్వాత వాక్యాన్ని, పరిస్థితులను కలిపి చూసి, ప్రార్థించి, మనసు నెమ్మదించాకే అడుగు వేసేవాడు. అడిగినదీ, దొరికినదీ పుస్తకంలో రాసుకునేవాడు. ఆయన బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ మిషనరీలుగా మన దేశానికి వచ్చారు. జీతమిచ్చే సంస్థ ఏదీ వెనక లేకుండానే గోదావరి డెల్టాలో నిలిచారు.

నల్లమల అవతల ఒంగోలులో ఇంకో రకం పరీక్ష జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యువెట్ కొద్దిమందితో కొండెక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మొరపెట్టాడు. జాన్ క్లౌ వచ్చేసరికి 1866 అయింది. పన్నెండేళ్లు! ఆ తర్వాత 1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పని ఒప్పుకొని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కూటి కోసం మతంలోకి రాకూడదని కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సంఘాన్ని పెంచుకునే వీలు చేతిలో ఉండి కూడా వదులుకోవడం, నా దృష్టిలో, కొండ మీది ప్రార్థన కన్నా కష్టం. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇక్కడొక హెచ్చరిక చెప్పి తీరాలి. "దేవుని చిత్తం" అనే మాటను తన పంతానికి ముసుగు చేసుకునేవాళ్లున్నారు. బిడ్డ పెళ్లి, చదువు, పొలం అమ్మకం ఇంకొకరు తేల్చి, దానికి దేవుని పేరు పెట్టడమూ ఉంది. జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోకపోవడం విశ్వాసం కాదు. పదనులో విత్తనివాడు దిగుబడి రాలేదని వానను తిట్టినట్టే అది. అప్పగించుకునేది ఫలితాన్ని, బాధ్యతను కాదు.

హైదరాబాదులోని హెబ్రోను ప్రార్థనా మందిరం నుంచి అప్పగించుకునే ఈ సాధనను తెలుగు పల్లెల దాకా మోసుకొచ్చిన బక్త్ సింగ్ ఏ నిర్ణయమైనా మోకాళ్ల మీదే తీసుకునేవాడు. డబ్బు కావాలని మనుషులను అడిగేవాడు కాదు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజినీరింగు చదివి, అన్నీ వదిలి సేవకు వచ్చినవాడు. చివరి ఏళ్లలో పార్కిన్సన్ వ్యాధి ఆయనను మంచాన పడేసింది. ఊరూరా తిరిగిన మనిషికి పక్క మీద తిరగడానికీ ఇంకొకరి చేయి కావలసి వచ్చింది. 2000 సెప్టెంబరులో కన్నుమూసేదాకా, ఒకప్పుడు ఆయన పక్కన మోకాళ్లూనినవాళ్లే ఆ మంచం దగ్గర ఆయనను కనిపెట్టుకొని ఉన్నారు.