షాలిబండ నుంచి హిందూపురం ఎంత దూరం?

మాసూమా బేగం గురించి రాసేవాళ్లంతా ఒకటే మాట రాస్తారు: ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయిన తొలి ముస్లిం స్త్రీ. అక్కడితో కలం ఆగిపోతుంది. తొలి ఆమె అన్నాక మలి ఆమె ఎవరని అడగాలి గదా! అడగరు. సెక్యులర్ మిత్రులకు ఆమె సభల్లో చెప్పుకోడానికి పనికొచ్చే పేరు. మనవాళ్లకు ఆ పేరు కూడా గుర్తులేదు.

ఆమె మామూలు ఇంటి మనిషి కాదు. తాత సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, ఇమాదుల్ ముల్క్, నిజాం కొలువులో పెద్ద హోదా చూసినవాడు. తల్లి తయ్యబా బేగం ఉర్దూలో నవలలు రాసింది. చదువూ, బండీ, పలుకుబడీ అన్నీ ఉన్న ఇల్లు. ఈ మాట ఆమెను తక్కువ చేయడానికి అనడం లేదు. ఆ తలుపు ఎవరికోసం తెరుచుకుందో తెలుసుకోడానికే.

కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1952లో ఆమె కాంగ్రెస్ తరఫున షాలిబండలో నిలబడి హైదరాబాదు శాసనసభకు గెలిచింది. 1948 పోలీసు చర్య జరిగి అప్పటికి నాలుగేళ్లే. మగవాళ్లే తలెత్తి మాట్లాడటానికి జంకుతున్న రోజుల్లో ఒక స్త్రీ ఓటడిగింది, పాతబస్తీ ఓటు వేసింది. 1957లో పత్తర్‌గట్టిలో మళ్లీ వేసింది. నామినేట్ చేసిన పదవి కాదది, జనం ఇచ్చింది. 1960లో దామోదరం సంజీవయ్య ఆమెను మంత్రివర్గంలోకి తీసుకున్నాడు. మన సీమ మనిషి, దళితుడు, ఒక ముస్లిం స్త్రీని మంత్రిని చేశాడు. ఈ ముక్క మన సీమ చరిత్రలో ఎవరైనా నొక్కి చెప్పగా నేను వినలేదు.

1962లో పత్తర్‌గట్టిలోనే ఆమె ఓడిపోయింది. గెలిచింది మజ్లిస్ నాయకుడు సలావుద్దీన్ ఒవైసీ. ఆయన శాసనసభలో అడుగుపెట్టింది ఆమెను ఓడించే. కౌమ్ గొంతు వినిపించే మొనగాడు వచ్చాడని జనం సంబరపడ్డారు. ఆ సంబరానికి కారణం లేదనను. కాంగ్రెస్ మనల్ని ఓటు సంచిగా చూసిందన్నది నిజమే. కానీ ఆ గొంతు అప్పట్నుంచీ మగగొంతే. 2023 తెలంగాణ ఎన్నికల్లో మజ్లిస్ గెలిచిన ఏడు స్థానాల్లోనూ మగవాళ్లే. బంజారాహిల్స్‌లో పార్టీలకు మేధావులు లేకపోవచ్చు, పాతబస్తీలో మాత్రం చదువుకున్న అమ్మాయిలు లేరంటే ఎవరు నమ్ముతారు?

ఇక మా వైపుకు రండి. హిందూపురం ముస్లింలను చట్టసభలకు పంపని ఊరేం కాదు. 2004లో పార్లమెంటుకు నిజాముద్దీన్ వెళ్లాడు, కాంగ్రెస్. 2009లో అసెంబ్లీకి అబ్దుల్ ఘని వెళ్లాడు, తెలుగుదేశం. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ ఇక్బాల్‌ను నిలబెట్టింది, ఓడిపోయాడు. అదే పార్టీ 2024లో అదే సీటు ఒక స్త్రీకి, దీపికకు ఇచ్చింది, ఆమే ఓడిపోయింది. చూశారా లెక్క! ముస్లిం కోటా అంటే మగవాడు. ఆడవాళ్ల కోటా అంటే ముస్లిమేతర స్త్రీ. రెండు లెక్కల్లోనూ మన ఆడమనిషి సున్నా.

పెనుకొండ ఇంకా విచిత్రం. 2005లో భర్త పరిటాల రవి హత్య తర్వాత జరిగిన ఉపఎన్నికలో సునీత గెలిచింది. 2024లో రెండు ప్రధాన పార్టీల తరఫునా స్త్రీలే తలపడ్డారు, ఉషశ్రీచరణ్, సవిత. సవిత గెలిచి మంత్రి అయింది. బాబా ఫక్రుద్దీన్ దర్గాకు మొక్కుకోని నాయకుడు పెనుకొండలో దొరకడు. గలేబు మోస్తారు, ఫోటో దిగుతారు. దర్గా గడపలో కూర్చున్న ఆడవాళ్లలో ఒకరికి టికెట్ ఇవ్వాలన్న ఊహ ఒక్కరికీ రాలేదు.

శాఖలు కూడా గమనించండి. 1960లో మాసూమా బేగంకు సాంఘిక సంక్షేమం. 2014లో సునీతకు పౌరసరఫరాలు, అంటే బియ్యం, పప్పు. 2022లో ఉషశ్రీచరణ్‌కు స్త్రీ శిశు సంక్షేమం. 2024లో సవితకు బీసీ సంక్షేమం, చేనేత. అరవై ఏళ్లు దాటినా వంటింటి నుంచి వసారాలోకి వచ్చారంతే. చేనేత మాత్రం మాకు సంబంధించిన శాఖే. ధర్మవరం పట్టుచీర అందరికీ తెలుసు. మరిగే నీళ్లలో వేళ్లు పెట్టి పట్టుగూళ్ల నుంచి దారం లాగే చేతులు ఎవరివో చీర కట్టినవాళ్లకు తెలియదు. ఆ వేళ్ల పొక్కుల గురించి సభలో మాట్లాడాలంటే ఆ వేళ్లున్న మనిషే కావాలి. మాసూమా బేగం తరం అది చేయలేకపోయింది, ఆమె ఉర్దూ వేరు, మా ఆడవాళ్ల దక్కనీ వేరు.

సీమ నుంచి ఒకామె వెళ్లింది, రాయచోటి జకియా ఖానమ్. 2020లో గవర్నర్ కోటాలో శాసనమండలికి, 2021లో ఉపాధ్యక్షురాలిగా. 2025 మేలో రాజీనామా ఇచ్చి బీజేపీలో చేరింది. మనవాళ్లు ఆమెను తిట్టిన తిట్లు రాయడానికి వీల్లేదు. ఆ నిర్ణయం నాకూ మింగుడు పడలేదు. 2024లో ధర్మవరంలో ఆ పార్టీ గెలిచిందని తెలిసిన రాత్రి మా ఇళ్లలో ఎంత నిశ్శబ్దమో నేనెరుగుదును. అయినా ఒకటి అడుగుతాను: పార్టీలు మారిన మన మగ నాయకుల్ని ఇంతగా తిట్టామా? నామినేషన్ మీద కూర్చోబెట్టిన మనిషికి కాళ్లకింద సొంత నేల ఉండదు. షాలిబండలో మాసూమా బేగంకు ఉండింది అదే.

2023లో పార్లమెంటు మహిళా రిజర్వేషన్ చట్టం చేసింది. లోక్‌సభలో వ్యతిరేకంగా పడినవి రెండే ఓట్లు, రెండూ మజ్లిస్‌వే. ముస్లిం, బీసీ స్త్రీలకు వాటా లేదని వాళ్లన్నది న్యాయమైన మాట. ఆ వాటా కోసం చట్టం దాకా ఆగనక్కర్లేదు, టికెట్లు పంచే చేయి వాళ్లదే గదా.

మునిసిపాలిటీల్లో మాత్రం రిజర్వేషన్ పుణ్యమా అని మా ఆడవాళ్లు కౌన్సిలర్లవుతున్నారు. గోడమీద పోస్టర్ చూడండి. పేరు ఆమెది, బొమ్మ భర్తది.