ఒప్పుకోలు తరువాత మిగిలినవాడు: చెస్టర్‌టన్ ‘ది హామర్ ఆఫ్ గాడ్’ కథపై ఒక పరిశీలన

అపరాధ పరిశోధక నవలలు దైవసేవకునికి తగిన పఠనము కావని మన పెద్దలలో అనేకుల అభిప్రాయము. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలను అద్దెకు తెచ్చి, పాఠ్యపుస్తకము నడుమ దాచి చదివిన వాడిని గనుక ఆ అభిప్రాయాన్ని నేను గట్టిగా ఖండించలేను. అయితే ఇటీవల ఒక నియమము పెట్టుకొని ఈ సాహిత్యాన్ని మళ్ళీ చదివాను. నెలకు ఒక పుస్తకము. అందులో పాదిరి గాని గురువు గాని పాత్రగా ఉండాలి. ఇట్లు ఒకే అంశము పట్టుకొని వరుసగా చదువుతుండగా, విడివిడిగా చదివినప్పుడు తట్టని ఒక ప్రశ్న తట్టింది. దోషి తన నేరాన్ని ఒప్పుకొన్న తరువాత ఏమి జరుగుతుంది?

ఈ ప్రక్రియకు ఆ ప్రశ్నతో పని లేదు. 1929లో దీనికి పది నియమాలు వ్రాసిన రోనాల్డ్ నాక్స్ స్వయంగా కథోలిక గురువు, తరువాత బైబిలును ఆంగ్లములోనికి అనువదించిన పండితుడు. అపరాధ కథలో మానవాతీత శక్తులకు చోటు ఇవ్వరాదని శాసించినది ఆ గురువే! దోషి ఎవరో న్యాయంగా తేలాలన్నదే ఆయన గురి. అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’ (1930)లో కథ చెప్పేది పాదిరి, శవము దొరికేది ఆయన గదిలోనే. సరదాగా సాగే నవల. నా ప్రశ్నకు అంతగా తోడ్పడలేదు.

జి. కె. చెస్టర్‌టన్ మొదటి ఫాదర్ బ్రౌన్ సంపుటిలోని (1911) ‘ది హామర్ ఆఫ్ గాడ్’ దగ్గర మాత్రము చాలా దినాలు ఆగిపోయాను. చెస్టర్‌టన్ కథోలిక సంఘములో చేరినది 1922లో అని ఇక్కడ గుర్తుంచుకోవాలి. కథలో విల్‌ఫ్రెడ్ బోహన్ భక్తిగల ఆంగ్లికన్ సహాయ పాదిరి. అతని అన్న కర్నల్ బోహన్ వ్యభిచారి, దేవదూషకుడు. ఒక ఉదయము అన్న తల పగిలి చనిపోతాడు. అంత దెబ్బ కొట్టగలవాడు కమ్మరి ఒక్కడే అని ఊరు అనుకుంటుంది, కాని పడి ఉన్నది చిన్న సుత్తి. దానిని గుడి గోపురము మీదనుండి జారవిడిచినవాడు తమ్ముడే. ఎత్తైన చోట్ల ఒంటరిగా ప్రార్థించడము అలవాటైనవానికి క్రిందనున్న మనుష్యులు పురుగులవలె కనబడతారనీ, తీర్పు తీర్చే అధికారము తనదే అనిపిస్తుందనీ ఫాదర్ బ్రౌన్ గ్రహిస్తాడు. ప్రసంగ వేదిక ఎక్కే మనకు ఈ మాట సూటిగానే తగులుతుంది.

ఫాదర్ బ్రౌన్ అతణ్ణి పోలీసులకు పట్టివ్వడు. రహస్యము తనలోనే దాచుకొని, నిర్ణయాన్ని అతనికే విడిచిపెడతాడు. విల్‌ఫ్రెడ్ గోపురము దిగి తానే వెళ్ళి లొంగిపోతాడు. నాతాను ఎదుట దావీదు తన తీర్పు తానే పలికిన సందర్భముతో (2 సమూయేలు 12) దీనిని పోల్చవచ్చు.

అయినను ఒక చోట నేను ఫాదర్ బ్రౌన్‌తో ఏకీభవించలేను. విల్‌ఫ్రెడ్ నేరాన్ని కమ్మరి మీదికి నెట్టక, అతని మేనల్లుడు జో మీదికి నెట్టాడు. జో బుద్ధిమాంద్యము గలవాడు గనుక అతనికి శిక్ష పడదని అతని ఆలోచన. విల్‌ఫ్రెడ్ పూర్తిగా చెడిపోలేదనడానికి ఫాదర్ బ్రౌన్ దీనిని సాక్ష్యంగా తీసుకుంటాడు. హంతకుడని ఊరు నోట పడడము మాత్రము శిక్ష కాదా? విల్‌ఫ్రెడ్ లొంగుబాటుతో కథ ముగుస్తుంది. జో దగ్గరకు ఎవరూ వెళ్ళరు.

ఈ మాట వ్రాసే అర్హత నాకు అంతగా లేదు. నేను సేవచేసిన ఒక సంఘములో కానుకల సొమ్ము తగ్గినప్పుడు, గుడి ఊడ్చే మూగ యువకుని మీద అనుమానము పడింది. కొన్ని నెలలకు ఒక సంఘపెద్ద నా యొద్ద కన్నీళ్ళతో ఒప్పుకొని సొమ్ము తిరిగి కట్టాడు. ఇద్దరము మోకరించి ప్రార్థించాము. విషయము గుట్టుగా ఉంచాను, అది కాపరి ధర్మమనే అనుకున్నాను. అప్పటికే ఆ యువకుడు పని మానేశాడు. నేను అతని ఇంటికి వెళ్ళినది ఈ కథ చదివిన తరువాతనే. అతని తల్లి కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది. ఏ పని మీద వచ్చానో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.