లక్ష సూదిమందుల లెక్క: పసిపిల్లల నొప్పి నివారణపై ఒక నివేదిక

ఏడాది నిండని బిడ్డకు హెర్నియా శస్త్రచికిత్స జరిగినది. మత్తు దిగినది, బిడ్డ ఏడ్చుచున్నది. ఆకలియా, భయమా, నొప్పియా? పెద్దవాడైనచో వ్రేలితో చూపి చెప్పును, పసిబిడ్డ చెప్పజాలదు. శిశువుల నాడీమండలము పక్వము కాదు గనుక వారికి నొప్పి అంతగా తెలియదని ఒకప్పుడు వైద్యులలోనే పలువురు తలచిరి. 1987లో ఆనంద్ అను వైద్యుడు, ఆయన సహచరులు ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ నమ్మకమును కదలించినది. నెలలు నిండక పుట్టిన శిశువులకు గుండె సమీపమున శస్త్రచికిత్స చేయునప్పుడు, కొందరికి వాడుకలోనున్న తేలికపాటి మత్తుతోపాటు ఫెంటనిల్ అను బలమైన నొప్పిమందు నిచ్చిరి. అది ఇయ్యనివారి రక్తములో ఒత్తిడిని తెలుపు హార్మోనులు మిక్కిలి పెరిగినవి; చికిత్స తరువాత చిక్కులును హెచ్చినవి.

నొప్పి కలదని తేలిన పిమ్మట దానిని ఆపు మార్గము కావలెను. అట్టి మార్గములలో నాడీ నిరోధ మొకటి. నొప్పి వార్త నాడివెంట సాగుటకు సోడియం అయానులు నాడిపొరలోని సూక్ష్మద్వారములగుండ లోనికి రావలెను. బ్యుపివకెయిన్ వంటి స్థానిక మత్తుమందు ఆ ద్వారములను మూయును. తంతి తెగినచో వార్త చేరనట్లు, మెదడునకు నొప్పి తెలియదు. కొన్ని గంటలకు మందు విరిగి నాడి యథాప్రకారము పనిచేయును. మార్ఫిను జాతి మందుల అవసరము తగ్గును. వానివలన శ్వాస మందగించు భయమును తగ్గును.

అయితే ఒక చిక్కు కలదు. పిల్లలకు ఈ సూదిని సాధారణముగా పూర్తి మత్తులో నున్నప్పుడే వేయుదురు. సూది నాడికి తగిలినచో ‘అబ్బా’ యనుటకు బిడ్డ మేలుకొని యుండదు. ఇది క్షేమమేనా? ఈ ప్రశ్నకు సమాధానముగా 2018లో ‘అనస్తీషియాలజీ’ పత్రికలో ఒక నివేదిక వెలువడినది. అమెరికాలోని పలు ఆసుపత్రులు 2007 నుండి 2015 వరకు పిల్లల కిచ్చిన 1,04,393 నాడీ నిరోధములను అందు లెక్కించిరి. శాశ్వతమైన నాడీలోపము ఒక్కటియు కనబడలేదు. తాత్కాలిక లోపములు 10,000కు 2.4. మందు రక్తములో హెచ్చి తీవ్రమైన విషలక్షణములు కలిగినవి 10,000కు 0.76, వీనిలో ఎక్కువ శిశువులలోనే. మందును పట్టి యుంచు ప్రోటీను శిశువుల రక్తములో తక్కువ. వారి కాలేయమును ఇంకను పక్వము కాలేదు. కనుక బరువునుబట్టి మోతాదును జాగ్రత్తగా కట్టవలెను. మెలకువలోనున్న పిల్లలకంటె మత్తులోనున్న పిల్లలకు ప్రమాదము హెచ్చుగా లేదనియు తేలినది.

ఈ నివేదిక గొప్పతనము దాని హారములో నున్నది. చెడిన వానిని మాత్రమే ఏరి చెప్పక, ఇచ్చిన ప్రతి సూదిని వ్రాసికొనిరి. హారము తెలియనిదే ‘అరుదు’ అను మాటకు అర్థము లేదు.

కాని దీనిని చదువువారు మూడు విషయములు మరువరాదు. మొదటిది, లెక్కలో సున్న వచ్చినంత మాత్రమున ప్రమాదము సున్న కాదు. నూరుమందిలో ఒక్కరికిని హాని కలుగకున్నను, అసలు ప్రమాదము నూటికి మూడు వరకు ఉండవచ్చునని గణాంకశాస్త్రము చెప్పును. ఇచట లక్షకు పైగా లెక్కించిరి గనుక ఆ హద్దు 10,000కు 0.4కు దిగినది. రచయితలు దానిని దాచక వ్రాయుట మెచ్చదగినది. రెండవది, సూది పొందిన పిల్లలను పొందని పిల్లలతో ఇందు పోల్చలేదు. క్షేమమును గూర్చి ఇది చెప్పును గాని, నొప్పి ఎంత తగ్గెనో చెప్పదు. దానికి వేరు పరిశోధనలు చూడవలెను. మూడవది, ఇది తమ లెక్కలను తామే శ్రద్ధగా వ్రాసికొను ఆసుపత్రుల అనుభవము. పిల్లలకు మత్తు నిచ్చుటలో తగిన శిక్షణయు, పరికరములును లేనిచోట ఇవే అంకెలు వచ్చునని నమ్మరాదు.

ఉపాధ్యాయులు సంభావ్యత పాఠము చెప్పునప్పుడు నాణెములతోపాటు ఈ లెక్కను కూడ నల్లబల్లపై వేయవచ్చును. లక్షలో సున్నయనిన ఏమి, పదిలో సున్నయనిన ఏమి యని విద్యార్థులనే అడుగవలెను. పసిబిడ్డకు నొప్పి లేదని పెద్దలు తలచిన కాలములో లోపించినది సాంకేతిక జ్ఞాన మొక్కటియే కాదు. ఎవరును కొలిచి చూడలేదు. ఈ నివేదికవారు కొలిచిరి. కొలిచినంతవరకే మనము నమ్మవలెను.