పెన్సిల్వేనియా సభవారి దినచర్య

శాసనసభ దినచర్యను గ్రంథముగా నెంచి విమర్శింప బూనుట కొందరికి వింతగా దోచవచ్చును. అందు వర్ణనలు లేవు, పాత్రపోషణ లేదు. సభ యెన్నడు కూడినది, ఎవరి విజ్ఞప్తి చదువబడినది, ఏ విషయము ఏ ఉపసంఘమునకు బంపబడినది, ఇంతే. అమెరికా స్వాతంత్ర్యయుద్ధకాలమున ఫిలడెల్ఫియాలో గూడిన పెన్సిల్వేనియా రాష్ట్రసభవారి దినచర్యయు నట్టిదే. అయినను అందలి కొన్ని పుటలను మేము పలుమారులు చదివితిమి.

ఆ రాష్ట్రమువారు 1776లో నేర్పరచుకొనిన రాజ్యాంగము ప్రకారము, సభ జరుగుచున్నంత కాలము ఈ దినచర్యను వారమువారము అచ్చొత్తింపవలెను. ఇద్దరు సభ్యులు కోరినచో అనుకూలుర పేర్లును ప్రతికూలుర పేర్లును వేరువేరుగా వ్రాయవలెను. అంతేకాదు, అట్లు పేర్లు వ్రాసినప్పుడు, ఇష్టమున్న సభ్యుడు తన కారణములను గూడ జేర్పింపవచ్చును. ఈ కడపటి యేర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. 'ఏకగ్రీవముగా నంగీకరింపబడినది' అను వాక్యముతో ముగియు నివేదికలను జదివి జదివి విసిగినవారి కిందలి విలువ తెలియును.

1780 మార్చి 1వ తేదీన, బానిసత్వమును క్రమముగా దొలగించు శాసనమును ఆ సభ 34 సమ్మతులతో, 21 అసమ్మతులతో నంగీకరించెను. ఓడినవారిలో గొందరు తమ కారణములను వ్రాయించిరి. యుద్ధము ముగియకుండ నిది తగదట, దక్షిణరాష్ట్రములవారు కలవరపడుదురట, విముక్తులకు ఓటును, సాక్ష్యమును, తెల్లవారితో వివాహమును లభించుట మితిమీరినదట. కాలము కాదను మాటతో మొదలైన వాదము వివాహము కడకు వచ్చునప్పటికి దాని లోగుట్టు బయటపడుచున్నది. ఈ పుటను దాచక అచ్చొత్తించుటయే ఆ దినచర్యకు గొప్ప.

గెలిచినవారి పుటను మాత్రము మేమంతగా మెచ్చజాలము. శాసనపు పీఠిక గంభీరమైనది. బ్రిటిషువారి నిరంకుశత్వమును తలచుకొని, మనుష్యుల మేనిరంగులు వేరైనను అందరును ఒక్క దైవముచేతి సృష్టియే యని చెప్పును. కాని పీఠిక దాటి అంకెలకు రండు. ముందుగా బ్రకటించిన చిత్తులో బానిసతల్లులకు ఇకమీద బుట్టు ఆడపిల్లలకు 18, మగపిల్లలకు 21 ఏండ్లకు విముక్తి. తుదకు నెగ్గిన శాసనములో నిరువురకును 28. అప్పటికే బానిసలైనవారి పేర్లను ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీలోపల యజమానులు నమోదు చేయించినచో వారి దాస్యము చెక్కుచెదరదు. ఆ రాష్ట్రమున బానిసత్వము పూర్తిగా నంతరించుటకు 1847 వరకు బట్టినది!

అంకె యేల పెరిగినదో తెలిసికొనుటకు దినచర్య మనకు దోడుపడదు. దానిలో తీర్మానములు గలవు, ఉపన్యాసములు లేవు. థామస్ లాయిడ్ అను సంక్షిప్తలేఖకుడు ఆ సభవారి వాదోపవాదములను 1787లో వ్రాసికొని ప్రకటించిన తరువాతనే అచ్చటి కంఠస్వరములు కొంత వినవచ్చినవి.

ఎవరికొరకు ఇంత వాదము జరిగినదో, ఆ నల్లజాతివారు మాత్రము ఆ రెండు పట్టికలలో దేనియందును లేరు. నమోదుగడువు తప్పిన యజమానులకు మరల నవకాశ మిచ్చుటకు 1781లో యత్నము జరిగినప్పుడు, ఈ శాసనముచే స్వేచ్ఛ బొందినవారు తమ్ము మరల దాస్యమున ద్రోయవలదని సభకు మొరపెట్టుకొనిరి. ఆ మొరయు, కేటో అను పేర వెలువడిన లేఖయు సెప్టెంబరులో 'ఫ్రీమన్స్ జర్నల్' అను పత్రికలో నచ్చుపడినవి. యజమానుల యత్నము నెగ్గలేదు. దినచర్యను చదువువారు ఆ పత్రికను గూడ బ్రక్కన నుంచుకొనవలెను.