పెన్సిల్‌తో రాసిన పరుగులు

అజారుద్దీన్ బొమ్మలు నా దగ్గర పదకొండున్నాయి. తొమ్మిదింటిలో చేతులు సరిగా కనబడవు, కాబట్టి వాటిని కార్డుల్లో లెక్కపెట్టను. మిగిలిన రెండే అసలు సొత్తు. ఒకదానిలో బంతి ఇంకా బ్యాటును తాకలేదు, ఆఫ్ స్టంప్‌కి జానెడు బయట ఉంది. ఎడమకాలు ముందుకొచ్చింది, తల బంతి మీదికి వంగింది, బ్యాటు ముఖం నేరుగా బౌలర్ని చూస్తోంది. రెండోదానిలో బంతి వెళ్ళిపోయింది. బ్యాటు ముఖం మిడ్ వికెట్ వైపు తిరిగిపోయింది. మోచేతులు మాత్రం మొదటి బొమ్మలో ఎక్కడున్నాయో ఇందులోనూ అక్కడే ఉన్నాయి. రెంటి మధ్యా కదిలింది మణికట్టు ఒక్కటే. ఈ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూపిస్తే హైదరాబాద్ బ్యాటింగ్ అంటే ఏమిటో చిన్నపిల్లాడికైనా అర్థమైపోతుంది.

దసరా వెళ్ళగానే మా వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులోకి కొత్త పత్తి దిగుతుంది. రంజీ ట్రోఫీ కూడా దాదాపు అప్పుడే మొదలవుతుంది. ఊరందరికీ వేలంలో జెండా పాట ఎంత పలికిందన్న ఆత్రం, నాకు మాత్రం హైదరాబాద్ టాస్ గెలిచిందా లేదా అన్న ఆత్రం. ఈ రెండు సీజన్లూ నాలో ఒక్కటిగా కలిసిపోవడానికి కారణం ఒక దడ్వాయి, అంటే తూకం వేసే మనిషి. మా నాన్న అడ్తిలో గుమాస్తాగా చేసేవాడు. ఆ అడ్తి ముందు కాంటా వేసే ఆయన్ని మేమంతా మామా అని పిలిచేవాళ్ళం. క్రికెట్ కార్డులు చెయ్యడం, దాచడం, చదవడం నాకు నేర్పింది ఆయనే. చదవడం అనే మాట తెలిసే వాడుతున్నాను.

అప్పట్లో బబుల్‌గమ్ పొట్లాల్లో ఆటగాళ్ళ బొమ్మలొచ్చేవి, మా తరం వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. ట్రంప్ కార్డులని కూడా ఆడేవాళ్ళం. మ్యాచ్‌లెన్ని, పరుగులెన్ని, అత్యధిక స్కోరెంత అని ఒకడు అడగడం, పెద్ద అంకె ఉన్నవాడు అవతలివాడి కార్డు లాక్కోవడం, అంతే. మామకి ఆ ఆట నచ్చేది కాదు. "అంకెలు నా కాంటా మీద గూడ ఉంటయి బిడ్డా, గీ బొమ్మల చేతులెక్కడున్నయో చూడు" అనేవాడు. అందుకే తన కార్డులు తనే తయారుచేసుకునేవాడు.

ఆ తయారీ చూడాలి! స్పోర్ట్‌స్టార్ పాత సంచికలు, ఈనాడు ఆటల పేజీలు కట్టలుగా ఉండేవి. బొమ్మ దొరకగానే కత్తిరించేవాడు కాదు. రెండు మూడు రోజులు చూస్తూ కూర్చునేవాడు. అందులో చేతులుండాలి, బంతి ఉండాలి, కనీసం ఒక కాలి బూటు నేలమీద ఆనాలి. కప్పు పట్టుకుని నవ్వే బొమ్మలూ, దండలు వేసిన బొమ్మలూ ఆయనకి పనికిరావు. సగం బ్లేడు వేళ్ళ మధ్య పట్టి, ఇనప స్కేలు ఆనించి, ఒకే గీతలో కోసేవాడు. రెండోసారి బ్లేడు తగిలితే అంచు పీచు లేస్తుంది, ఆ కార్డు పోయినట్టే. అట్ట కోసం పెళ్ళి శుభలేఖలు. మైదా ఉడికించి, చిటికెడు మైలుతుత్తం కలిపితే జిగురు. తుత్తం వెయ్యకపోతే బొద్దింకలు ఒక్క వానాకాలంలో ఆటగాడి మొహం తినేస్తాయి. అతికించాక పైన పాత బట్ట పరిచి, దాని మీద ఇరవై కిలోల కాంటా రాయి ఎత్తిపెట్టి, రాత్రంతా వదిలేసేవాడు. పొద్దున తీస్తే రేకులా చదునుగా వచ్చేది. ముప్పై ఏళ్ళు దాటినా ఆ కార్డుల్లో ఒక్కటి వంకర పోలేదు, ఒక్క మూల లేవలేదు. ఇప్పటి ఏ అచ్చుయంత్రం నుంచి వచ్చిన కార్డుని చూసినా నా వేలు ముందు ఆ మూలల మీదికే పోతుంది.

వెనక వైపు లెక్కలు. ఆడుతున్న ఆటగాడి లెక్కలు పెన్సిల్‌తో రాసేవాడు. ఆట మానేశాకే సిరా. సీజన్ మొదలయ్యే ముందు రోజు రాత్రి అన్ని కార్డులూ బోర్లా పరిచి పెన్సిల్ చెక్కుకోవడం మామకి పండగ. అది ఇప్పుడు నా పండగ.

ఇక మణికట్టు సంగతికి వస్తాను. దీన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. అది పొరపాటు. మార్కెట్లో మిర్చి చెరిగే ఆడవాళ్ళని ఒక్కసారి గమనించండి. చాట ఎగరేసేది భుజంతో కాదు. భుజం వాడితే అరగంటలో చెయ్యి పడిపోతుంది. మోచేతులు ఒంటికి ఆనించి, ఆఖరి క్షణంలో మణికట్టు ఒక విసురు విసురుతారు. తాలు ముందుకి ఎగిరిపోతుంది, కాయ చాటలోనే ఉంటుంది. బ్యాటుతోనూ అంతే. ముందే బ్యాటు తిప్పేస్తే అంచు తగిలి బంతి గాల్లోకి లేస్తుంది. ఆలస్యమైతే ప్యాడ్‌కి తగులుతుంది. బంతి బ్యాటును తాకే దాకా ముఖం నేరుగా ఉంచి, తాకుతున్నప్పుడే తిప్పాలి. పైచెయ్యి దారి చూపిస్తుంది, కిందిచెయ్యి తిప్పుతుంది. బలం బంతిదే, దారి మాత్రం మనం మార్చేది. అందుకే ఈ షాట్లు చప్పుడు చెయ్యవు. ఫీల్డర్ కదిలేసరికే బంతి తాడు దాటి ఉంటుంది.

ఈ విద్యకి మూలపురుషుడు ఎవరంటే నేను ఎం.ఎల్. జయసింహ పేరే చెబుతాను. కాలర్ ఎగరేసి, మెడలో సిల్కు రుమాలు కట్టి, సికింద్రాబాద్ వీధుల ఠీవిని ప్రపంచానికి చూపించినవాడు. 1960లో ఆస్ట్రేలియా మీద కలకత్తాలో ఒకే టెస్టులో అయిదు రోజులూ బ్యాటు పట్టాడు. 1968లో గాయపడ్డ వాళ్ళ స్థానంలో ఉన్నట్టుండి ఆస్ట్రేలియాకి పిలిపిస్తే, దిగిన కొద్ది రోజులకే బ్రిస్బేన్‌లో 74, 101 కొట్టాడు. కొత్త నేల, కొత్త బౌన్స్, ప్రాక్టీసు లేదు. సునీల్ గవాస్కర్ తన కొడుకుకి పెట్టుకున్న రోహన్ జైవిశ్వ అన్న పేరులో ఆ 'జై' మన జయసింహదే. బొంబాయి వాడు మనవాడి పేరు ఇంట్లో పెట్టుకున్నాడంటే ఇంకేం కావాలి!

తర్వాత అజార్. 1984-85లో ఇంగ్లండ్ మీద మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు, ఆ ఘనత ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 1989లో పాకిస్తాన్‌లో ఫామ్ పోయి కూర్చున్నప్పుడు జహీర్ అబ్బాస్ చెప్పిన మాటతో బ్యాటు పట్టు మార్చుకున్నాడు. ఆ చిన్న మార్పు మరుసటి ఏడాది లార్డ్స్‌లో 121 అయి వచ్చింది. ఇలా ఒక దేశపు మణికట్టు విద్వాంసుడు ఇంకో దేశపు వాడికి కిటుకు అప్పగించడం నాకు మన పాత గురుశిష్యుల కథల్లా అనిపిస్తుంది. 2000 డిసెంబరులో బోర్డు అజార్ మీద జీవితకాల నిషేధం వేసింది. అది చెల్లదని 2012లో హైకోర్టు తీర్పిచ్చింది. దాని మీద ఎవరు ఎంత వాదించినా వింటాను. కార్డు మాత్రం దాని చోటనే ఉంటుంది. ఆ చేతుల మీద నాకు ఏ అనుమానమూ లేదు.

లక్ష్మణ్ గురించి మొదలుపెడితే నాకు ఆపడం చేతకాదు. 2001 మార్చి 14, బుధవారం. యార్డులో మిర్చి నిండుగా ఉంది, ఎక్కడ చూసినా ఎర్రటి రాశులు, అందరి గొంతుల్లో దగ్గు. టీ హోటల్లో చిన్న టీవీ. ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద ఫాలో ఆన్ ఆడుతూ పొద్దున లక్ష్మణ్ 109తో దిగాడు, ద్రావిడ్ 7తో. సాయంత్రానికి లక్ష్మణ్ 275, ద్రావిడ్ 155. రోజంతా ఒక్క వికెట్ పడలేదు. మామ ప్రతి బస్తా తూకానికీ మధ్యలో "ఉన్నడా?" అని కేకేసేవాడు, మేము "ఉన్నడు!" అని కేకేసేవాళ్ళం. హమాలీలు కూడా బస్తా వీపున పెట్టుకునే నిలబడి చూశారు. షేన్ వార్న్ లెగ్ స్టంప్ బయటి గరుకులో బంతి వేస్తున్నాడు. అదే చోటు, అదే తిరుగుడు. ఒకసారి ముందుకొచ్చి కవర్స్ మీదుగా, ఇంకోసారి అదే బంతిని మిడ్ వికెట్ గుండా. ఒకే బంతికి రెండు దార్లు తెలిసిన బ్యాటర్‌కి ఫీల్డింగ్ ఎలా పెడతారు? 281 పరుగుల్లో 44 ఫోర్లు. ఆ రోజు బొమ్మ మామ పన్నెండు పత్రికల్లో వెతికి, చివరికి బంతి కనబడేది దొరికాక గానీ బ్లేడు ముట్టలేదు.

మిథాలీ రాజ్ కార్డు సంపాదించడం మాత్రం నిజంగా తపస్సే. 2002లో టాంటన్‌లో పంతొమ్మిదేళ్ళ పిల్ల 214 కొట్టి ప్రపంచ రికార్డు సృష్టిస్తే, మరునాడు పేపర్లో తపాలా బిళ్ళంత బొమ్మ వేశారు. ఏ బబుల్‌గమ్ పొట్లంలోనూ ఆమె రాలేదు. ఆ బిళ్ళనే మామ పెద్ద అట్ట మధ్యలో అంటించి చుట్టూ తెల్లగా వదిలేశాడు. నా దగ్గరున్న వాటన్నిటిలోకీ అందమైన కార్డు అదే.

కార్డుల పుట్టుక అమెరికాది అంటారు, సిగరెట్ కంపెనీలు పెట్టెలో అట్ట ముక్క గట్టిగా ఉండాలని బొమ్మలు వేశాయట. అక్కడ బేస్‌బాల్ సీజన్ మార్చి చివర్లో, మా దగ్గర మిర్చి ముమ్మరంగా ఉన్నప్పుడు మొదలవుతుంది. ఫ్రిస్కోలో ఉండే మా మేనల్లుడి కొడుకు ఆ కార్డులు పోగుచేస్తాడు. 1909-11 నాటి హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లు పలికిందని వాడే చెప్పాడు. అదే ఏడాది మికీ మాంటిల్ 1952 కార్డు కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. వాళ్ళ అభిమానం వాళ్ళది, కాదనను. కాని కార్డుని ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి, మార్కులు వేయించి, ఇక ముట్టుకోకుండా దాచేస్తారని విన్నప్పుడు నా మనసు ఒప్పుకోలేదు. కార్డు చేతిలో తిరగాలి. వెనక లెక్క మారాలి.

ఇప్పుడు మన బళ్ళ దగ్గర అమ్మే కార్డుల సంగతి చెప్పకుండా ఉండలేను. మొన్న ఒక పిల్లాడి దగ్గర తళతళలాడే కార్డు చూశాను. మీద తిలక్ వర్మ పేరు. తిలక్ ఎడమచేతి వాటం అని ఊరందరికీ తెలుసు. ఆ కార్డులో కుడిచేత్తో ఆడుతున్నాడు! దగ్గరగా పెట్టి చూస్తే చొక్కా మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అచ్చు వేసినవాడు బొమ్మని అటు ఇటు చేసి, చూసుకోకుండా వేలల్లో వదిలాడు. ఆ పిల్లాడు తిలక్ కుడిచేతి ఆటగాడనే అనుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది బొమ్మ తప్పు కాదు, ఒక చేతిపనిని తలకిందులు చెయ్యడం. అయిదు రూపాయల వస్తువే కదా అంటారేమో. అయిదు రూపాయల పత్తి విత్తనం నకిలీదైతే ఎనుమాముల రైతు ఊరుకుంటాడా?

దీనికంటే పెద్ద బాధ ఇంకోటుంది. హైదరాబాద్ పేరు పెట్టుకున్న ఐపీఎల్ జట్టు 2024లో బెంగళూరు మీద 287 కొట్టింది, లోకం చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. కాని మన సిరాజ్ బెంగళూరుకి ఆడి, తర్వాత గుజరాత్‌కి వెళ్ళాడు. మన తిలక్ ముంబై చొక్కా వేసుకున్నాడు. 2025 ఆగస్టులో ఓవల్‌లో ఇండియాని 6 పరుగులతో గెలిపించిన సిరాజ్, ఆ సెప్టెంబరులో ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద 69 నాటౌట్‌తో నిలబడ్డ తిలక్, ఇద్దరూ మన ఊరి జట్టుకి బయటివాళ్ళే. సిక్సర్ల వానలో మణికట్టు అక్కర్లేదంటున్నారు, బలమైన భుజం చాలంటున్నారు. 2025లో మా వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరే ఊరి కాయని చపాటా అని అమ్మితే ఇప్పుడు అడగొచ్చు. హైదరాబాద్ మణికట్టుకి అలాంటి ముద్ర ఎవరు వేస్తారు? వేసేది మనమే. అభిమానులమే. రంజీ మ్యాచ్‌కి వెళ్ళి కూర్చోవాలి, ఉప్పల్‌లోనో జింఖానాలోనో ఖాళీ మెట్ల మీద నలుగురైనా ఉండాలి.

మన జట్టు రంజీ గెలిచింది రెండే సార్లు. 1937-38లో ఐబారా 137 నాటౌట్‌తో నవానగర్ మీద ఒక్క వికెట్ తేడాతో, మళ్ళీ 1986-87లో. ఆ రెండో సీజన్లోనే అబ్దుల్ అజీమ్ తమిళనాడు మీద 303 నాటౌట్. 1999-2000లో లక్ష్మణ్ ఒక్క రంజీ సీజన్లోనే 1415 పరుగులు చేసినా ఫైనల్లో ముంబై చేతిలో ఓడాం. తర్వాత ప్లేట్ గ్రూపుకి జారిపోయిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు. అక్కణ్ణించి పైకి తెచ్చింది 2023-24 జట్టు. ఆ జనవరిలో తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టి 366 దాకా వెళ్ళాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్లో అంత వేగంగా ఎవరూ కొట్టలేదు. చిన్న జట్టు మీద కదా అని పెదవి విరిచేవాళ్ళకి నా దగ్గర జవాబుంది: 147 బంతులు ఎదుటివాడు వెయ్యాలి, కొట్టేవాడు కొట్టాలి.

మన పక్కనే భద్రాచలం నుంచి వచ్చిన గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచ కప్‌లో 309 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ ఆటగత్తె అయింది. ఆమె కార్డు ఈసారి తపాలా బిళ్ళంత లేదు, అర పేజీ బొమ్మ దొరికింది. చేతులున్నాయి, బంతి ఉంది, బూటు నేలమీద ఉంది.

మామ పోయి నాలుగేళ్ళయింది. ఆయన కాంటా రాయి మా ఇంట్లో ఉంది. ఇరవై కిలోలు, అడుగున సర్కారు ముద్ర అరిగిపోయింది. రాత్రి త్రిష కార్డు దాని కింద పెట్టాను. పక్కన తిలక్‌ది ఎడమచేతి బొమ్మే, వెనక లెక్క నిరుడు రాసింది. రబ్బరుతో తుడిచాను. రేపు పొద్దున తొమ్మిదిన్నరకి మొదటి బంతి. యార్డులో జెండా పాట అయ్యేలోపు టాస్ తెలుస్తుంది. పెన్సిల్ చెక్కి చెవిలో పెట్టుకున్నాను.