మెట్ట మిద్దె మీద అద్దం మడి

ఆత్మకూరులో మా తమ్ముడి కొడుకు ఈ వారం మిద్దె మీదికి తీసుకుపోయి తను చేసిన పెట్టె చూపించాడు. నాలుగు వైపులా చెక్క పలకలు, పైన పాత కిటికీ అద్దం, వెనక ఎత్తు, ముందు పల్లం. చలి దేశాలవాళ్లు నారును మంచు నుంచి కాపాడుకునే పెట్టె. ఎండ లోపలికి దిగుతుంది, వేడి బయటికి పోదు. "మిరప నారు పోస్తా పెదనాయనా" అన్నాడు.

నాకు చిరాకేసింది. మెట్టలో నారుకు చలి బాధ ఎక్కడిది? అక్టోబరులోనూ మధ్యాహ్నం మిద్దె మీద కాలు పెట్టలేం. మూసిన అద్దం కింద మొలక ఒక్క పూటలో ఉడికిపోతుంది. నారుమడికి పందిరే దిక్కని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు.

ఉదయగిరి దిగువన మా అవ్వ పొగనారు పోసేది. గ్రాముకు 10 వేల పైచిలుకు గింజలు తూగే విత్తనం అది. ఇసుకలో కలిపి చల్లేది. జానెడు ఎత్తు మడి, పైన తాటాకు పందిరి. పొద్దుగూకితే ఆకులు తీసేది, ఎండెక్కేసరికి మళ్లీ కప్పేది. పీకే ముందు నీడా నీళ్లూ తగ్గిస్తూ నారును గట్టిపరిచేది. కలిగిరి, డి.సి. పల్లి వేలం కేంద్రాలకు చేరే పొగాకు పుట్టేది అలాంటి మడుల్లోనే.

కానీ అవ్వ భయపడింది ఎండకు కాదు, ముసురుకు. మన జిల్లాకు పెద్దవానలు ఈశాన్య రుతుపవనాలవే, సరిగ్గా నారు పోసే రోజుల్లో. వాయుగుండం పడితే తాటాకు సందుల్లోంచి ధార కారేది, మడి ఆరేది కాదు. తెల్లారి చూస్తే గుండ్రంగా ఒక్కోచోట నారు పడుకుని ఉండేది. ఆకు పచ్చగానే ఉంటుంది, నేలను తాకేచోట కాడ మాత్రం దారంలా సన్నబడి గోధుమరంగుకు తిరుగుతుంది. నారుకుళ్లు. పిథియం అనే బూజు పని. నీడ ఎక్కువైతే అది ఇంకా రేగుతుంది. ఇప్పటి షేడ్‌నెట్ కూడా వానను ఆపదు.

వెలుతురు ఇచ్చి వానను ఆపేది అద్దమే. పెట్టెలో అక్కరలేనివి గోడలు. పలకలు నాలుగూ ఊడదీశాం. సరుగుడు కర్రలు నాటి, ఏటవాలు జల్లు ఎక్కువగా వచ్చే ఈశాన్యం వైపు పల్లంగా అద్దాన్ని తీగతో బిగించాం. గాలి ఇటు నుంచి అటు పోవాలి. ఎండ కాసిన రోజు పది నుంచి మూడు దాకా అద్దం మీద నెట్ పరిస్తే చాలు. నారుకుళ్లు రాకుండా మిరప విత్తనానికి ట్రైకోడెర్మా పట్టించి వరసల్లో పోశాం. అద్దం అంచు మడి దాటి జానెడు బయటికి ఉండాలి. లేకపోతే చూరునీళ్లు పడి అంచు వరస కొట్టుకుపోతుంది.