తలుపేసుకుని చదువుకునే హక్కు

తెలుగు స్త్రీల చదువు చరిత్రలో చాటుగా చదవడం ఒక పెద్ద అధ్యాయం. భండారు అచ్చమాంబ (1874-1905) బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో ఇంట్లోనే చదువు నేర్చుకుని, 1902లో 'ధన త్రయోదశి' కథ రాసింది. ఆ తర్వాతి తరాల స్త్రీలు నవలల్ని పరుపుల కింద, వారపత్రికల్ని బియ్యం డబ్బాల వెనక దాచుకుని చదివారు. ఎవరి అనుమతీ అడక్కుండా, ఎవరి కంటా పడకుండా, ఒక ఆలోచనతో కాసేపు ఒంటరిగా కూర్చోవడం కోసం వాళ్ళు పడిన పాట్లవి. ఈ రోజు మనకి ఆ ఏకాంతం మామూలైపోయింది. అందుకే అది ఇంకా దొరకని ఆడపిల్లలున్నారన్న సంగతి మనకి తట్టదు.

నేను కాలేజీలో తెలుగు పాఠం చెప్తాను. స్త్రీల సాహిత్యం పేపరు నాది. కొన్నేళ్ళ క్రితం నా క్లాసులో చూపు లేని అమ్మాయి ఒకామె ఉండేది. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' నుంచి కవితలు పాఠంగా ఉన్నాయి. క్లాసులో నేను చదివి వినిపించేదాన్ని. ఇంటి దగ్గర ఆమెకి వాళ్ళన్నయ్య చదివి పెట్టేవాడు. మంచివాడే, చెల్లెలి చదువు కోసం సాయంత్రాలన్నీ కేటాయించేవాడు. ఒకరోజు ఆ అమ్మాయి నాతో అంది: "అన్నయ్య గొంతు ఎక్కడ తడబడిందో నాకు తెలిసిపోతుంది మేడమ్. ఏ లైను వదిలేశాడో మాత్రం తెలీదు."

ఆ మాట విన్నప్పటినుంచీ డిజిటల్ గ్రంథాలయాలనీ, విద్యార్థుల కోసం నెట్లో పెట్టిన పాఠ్యవనరులనీ నేను ఆ అమ్మాయి వైపు నుంచి చూడటం మొదలుపెట్టాను.

లైను వదిలెయ్యడం మన సాహిత్యానికి కొత్తేమీ కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము' అచ్చయినప్పుడు కొన్ని పద్యాలు తీసేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ వాటిని వెతికి చేర్చి 1910లో సమగ్రంగా ప్రచురిస్తే ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే దాకా ఆ నిషేధం తొలగలేదు. అక్కడ సర్కారు ఉత్తర్వు ఉంది, ఉత్తర్వు మీద పోరాడిన మనుషులూ ఉన్నారు. ఈ అమ్మాయి ఇంట్లో ఉత్తర్వు లేదు, దురుద్దేశమూ లేదు. ప్రేమగా, ఇబ్బందిగా, చెల్లెలి ముందు పలకలేక దాటేసిన మాటలు మాత్రమే ఉన్నాయి. దీని మీద ఎవరితో పోరాడాలి?

కంప్యూటరు ఈ సమస్యని తీర్చగలదు. ఎన్.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్‌ని 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు యువకులు మొదలుపెట్టారు. అది ఉచితం, తెలుగునీ చదువుతుంది. గొంతు మరమనిషిలా ఉంటుంది. కానీ అది సిగ్గుపడదు, ఏ లైనూ వదిలెయ్యదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆ అమ్మాయి ఏం చదువుతోందో పక్క మంచం మీద ఉన్నవాళ్ళకి కూడా తెలియదు. అచ్చమాంబ తరం వెతుక్కున్న ఏకాంతం ఇదే.

దానికి ఒక్కటే షరతు. పుస్తకం అక్షరాలుగా ఉండాలి, అక్షరాల బొమ్మగా ఉండకూడదు. మనం తడబడేది సరిగ్గా ఇక్కడే.

2000ల మొదట్లో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొద్దీ తెలుగు పుస్తకాల్ని స్కాన్ చేసింది. దాని వెనక పది లక్షల పుస్తకాల్ని అందరికీ అందించాలన్న రాజ్ రెడ్డి గారి కల ఉంది. ఆ సైటు ఆగిపోయాక ఆ పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. పాత పుస్తకం కోసం ఊరూరా తిరిగిన పరిశోధకులకి దాని విలువ తెలుసు. అయితే ఆ పేజీలు ఫోటోలు. స్క్రీన్ రీడర్‌కి ఫోటో ఖాళీ కాగితంతో సమానం. కొన్నింటికి యంత్రం గుర్తుపట్టి తీసిన పాఠం కూడా ఉంటుంది గానీ, మన గుణింతాలు, వత్తులు దానికి ఓ పట్టాన చిక్కవు. 'మ'ని 'య' అనుకుంటుంది, 'ధ'ని 'థ' అనుకుంటుంది. పాత అచ్చయితే ఇంకా తికమక.

పాత పుస్తకాల సంగతి అలా ఉంచుదాం. నిన్న కంప్యూటర్‌లో కంపోజ్ అయిన పుస్తకం మాటేమిటి? యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ మన డి.టి.పి. సెంటర్లు చాలాకాలం అను వంటి ఫాంట్లతోనే పనిచేశాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే కనిపించేవి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. స్త్రీవాద కవిత్వ సంకలనాలు, దళిత స్త్రీల కథలు, మన పత్రికల పాత సంచికలు ఎన్నో ఇలాంటి ఫైళ్ళలో ఉండిపోయాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి. మార్చాక ఎవరో ఒకరు కూర్చుని ప్రూఫులు చూడాలి. ఆ కూర్చునే మనిషి కోసం ఎవరూ బడ్జెట్ రాయరు.

2020లో కాలేజీలు మూతపడ్డప్పుడు ఇది మరీ బాహాటమైంది. అధ్యాపకులు చేతిరాత నోట్సుని ఫోన్‌తో ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. క్లాసు మొత్తానికీ అది పాఠం. చూపు లేని పిల్లలకి ఫోన్ చెప్పిందల్లా 'ఫోటో, ఫోటో, ఫోటో'. టీచర్లని తప్పుపట్టి లాభం లేదు. వాళ్ళకి ఫోన్లో నాలుగు యాప్‌లు చూపించారు గానీ, శీర్షికని శీర్షికగా గుర్తుపెట్టి, బొమ్మకి ఒక వాక్యం వివరణ రాసి, పాఠాన్ని పాఠంగా పంపమని ఎవరూ నేర్పలేదు.

ఆడియో పుస్తకాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటి ఆనందం వేరు. కానీ అక్కడా మరొకరి గొంతే మనకీ పుస్తకానికీ మధ్య నిలబడుతుంది. సాహిత్య విద్యార్థికి వినడంతో సరిపోదు. అది 'శ'నా 'స'నా, కవయిత్రి పాదాన్ని ఎక్కడ విరిచింది, ఆ మాట ఇంకెక్కడ వాడింది, ఇవన్నీ తెలియాలి. వెనక్కి వెళ్ళి ఒక్కో అక్షరం తడిమి చూసుకోవాలి. పాఠం అక్షరాలుగా ఉంటే స్క్రీన్ రీడర్‌తోనూ, బ్రెయిలీ డిస్‌ప్లేతోనూ అది సాధ్యం. ఆడియోతో కాదు.

ఇక్కడ 'మనకు తెలియని మన చరిత్ర' గుర్తొస్తుంది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన టేపుల మీద రికార్డు చేసి 1986లో పుస్తకంగా తెచ్చింది. గొంతులుగా ఉన్న చరిత్రని అక్షరంలోకి తెచ్చిన పని అది. చరిత్రలో గొంతు లేదన్న స్త్రీలకి అక్షరం దక్కింది. ఇప్పుడు ఆ అక్షరాన్ని తిరిగి గొంతుగా మార్చుకుంటే తప్ప చదవలేని స్త్రీలు ఉన్నారు. వాళ్ళకి ఆ దారి తెరిచినప్పుడే ఆ పని పూర్తవుతుంది.

చట్టం అడ్డం వస్తుందన్న భయం చాలామందిలో ఉంది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. వైకల్యం ఉన్నవాళ్ళు చదువుకోవడానికి వీలుగా, లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని మార్చి ఇవ్వడానికి రచయిత్రి అనుమతి అవసరం లేదు. 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని అందరికంటే ముందు, 2014లో, ఆమోదించింది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయమూ వచ్చింది. కాబట్టి ఆగింది చట్టం దగ్గర కాదు, శ్రమ దగ్గర.

ఆ శ్రమ ఎవరిదో కూడా చూడాలి. చదివి వినిపించే తల్లులు, అక్కలు, స్నేహితురాళ్ళు, రాత్రిళ్ళు కూర్చుని టైపు చేసిపెట్టే స్వచ్ఛంద కార్యకర్తలు. ఈ పనిని మన సమాజం 'సేవ' అంటుంది. ఇంటి చాకిరీని ప్రేమ అన్నట్టే. సేవ అన్నాక దానికి కూలి ఉండదు, గడువు ఉండదు, అందుకునే మనిషికి అడిగే హక్కూ ఉండదు. నా విద్యార్థిని అన్నయ్యని ఆ లైను మళ్ళీ చదవమని అడగలేకపోయింది ఇందుకే. రుణపడిన చోట నోరు లేవదు.

కనుక దీన్ని దయ లెక్కలోంచి తీసి మన పని లెక్కలోకి తెచ్చుకుందాం. రచయిత్రులు పుస్తకం అచ్చుకిచ్చేటప్పుడు యూనికోడ్ ఫైలు తమ దగ్గర ఉంచుకోవాలి, అడిగిన విద్యార్థికి ఇవ్వాలి. స్త్రీల ప్రచురణ సంస్థలు పాత పుస్తకాల ప్రూఫులు చూసేవాళ్ళకి డబ్బు చెల్లించే ఏర్పాటు చెయ్యాలి. అధ్యాపకురాళ్ళు సిలబస్ తయారుచేసేటప్పుడే ఈ పుస్తకం చెవితో, వేలితో చదవడానికి దొరుకుతుందా అని బోర్డు ఆఫ్ స్టడీస్‌లో అడగాలి. దొరకదంటే, దొరికేలా చెయ్యడం సిలబస్‌లో భాగం కావాలి.

మన కవిత్వం ఇంట్లో చెప్పుకోలేని మాటల్ని చెప్పింది. ఆ మాటల్ని ఇంట్లోవాళ్ళ నోటి నుంచే వినవలసిన అమ్మాయికి అది ఇంకా చేరలేదు.